కాలువకు పొలం ఇచ్చేటప్పుడు: బేరమా, నోటీసా?

 

పల్నాటి రైతుకు సర్కారువారికి భూమి ఇవ్వడం కొత్త సంగతి కాదు. నకరికల్లు పక్కనుంచి పోయే సాగరు కుడికాలువనే చూడండి. యీవేళ అది యెప్పుడూ అక్కడే వున్న యేరులాగా కనిపిస్తుంది. దానికింద మిరప, పత్తి, వరి వేసుకొనే కుర్రవాళ్లకు అది యెవరి పొలాలమీదుగా తవ్వారో తెలియకపోవచ్చు. కాని ఆ కాలువ అడుగున వున్నదంతా ఒకప్పుడు పట్టాభూమే. జొన్న, సజ్జ పండిన మెట్టచేలే. కొందరికి నాలుగెకరాలు పోయాయి, కొందరికి గెట్టువెంబడి నలభై సెంట్లు పోయాయి. కొందరికి చేను నడిమధ్యనుంచి చీలిపోయి, అవతలి ముక్కకు పోవాలంటే వంతెనదాకా నడిచిపోవలసిన గతి పట్టింది.

ఆ భూమికి ధర యెలా కట్టారు, యెవరు కట్టారు, ఆ ధరలో రైతుమాట యెంతవరకు చెల్లింది? యీ చరిత్ర కాస్త తెలుసుకొని వుంటే రేపు మన పొలంలో సర్వేరాళ్లు పాతినరోజున పనికివస్తుంది.

భూమి చేతులు మారడానికి మనకు తెలిసిన పద్ధతి బేరం. అమ్మేవాడొకడు, కొనేవాడొకడు, మధ్య ఇద్దరు పెద్దమనుషులు. ధర కుదిరితే బజానా ఇచ్చుకొంటారు, రిజిస్ట్రారు ఆఫీసుకు పోతారు. కుదరకపోతే ఎవరి ఇంటికి వారు పోతారు. బేరానికి ప్రాణం యీ చివరిమాటలోనే వుంది. కుదరకపోతే లేచిపోగల హక్కు వున్నవాడే నిజంగా బేరమాడగలడు. సర్కారువారు కొనడానికి వచ్చినపుడు ఆ హక్కు ఉంటుందా అన్నదే యీ కథంతా.

రెండో పద్ధతి నోటీసు. ఫలానా సర్వే నెంబర్లు ప్రజాప్రయోజనానికి కావలెనని గెజెట్టులో పడుతుంది. ఆపైన మీరు అమ్ముతారా అని యెవరూ అడగరు. యెంతకు అన్నది మాత్రమే మిగులుతుంది.

యీ నోటీసు పద్ధతి మనకు ఇంగ్లీషువారినుంచి వచ్చింది. అయితే వారి సొంతదేశంలో దాని రూపు వేరు. అక్కడ రైలుమార్గాలు వేసే కంపెనీలకోసం 1845లో ఒక చట్టం చేశారు. అందులో ముందు ఒప్పందంమీద కొనే మార్గం చెప్పారు. ఒప్పందం కుదరనిచోట బలవంతపు కొనుగోలు, ధర తేలకపోతే మధ్యవర్తులు గాని జ్యూరీ గాని తేల్చడం. మన దేశానికంతటికీ 1857లో చేసిన చట్టంలోకూడ ఆ వాసన కొంత వుంది. కలెక్టరు ముందు రైతుతో ధర మాట్లాడి చూడాలి, కుదరకపోతే మధ్యవర్తుల తీర్పు ఆఖరు. ఆ మధ్యవర్తులమీద సర్కారుకు నమ్మకం పోయింది. ధరలు అడ్డదిడ్డంగా పెంచేస్తున్నారని, లంచాలకు లొంగుతున్నారని ఫిర్యాదులు వచ్చి, 1870లో వారిని తీసివేసి తగవును సివిలుకోర్టుకు అప్పగించారు. చివరకు 1894లో వచ్చిన భూసేకరణచట్టంలో కలెక్టరే విచారించి, కలెక్టరే ధర నిర్ణయించి, అవార్డు అనే కాగితం ఇచ్చే యేర్పాటు స్థిరపడిపోయింది. ఆ చట్టమే చిన్న చిన్న మార్పులతో 2013 చివరిదాకా, అంటే నూటయిరవై సంవత్సరాలకు దగ్గరగా, మన నెత్తిమీద నడిచింది.

ఇక్కడొక వింత చెప్పాలి. కలెక్టరుగారి అవార్డు అనగానే మనవాళ్లు అదేదో జడ్జిగారి తీర్పు అనుకొని హడలిపోయేవారు. కాని 1905లోనే లండనులోని ప్రీవీకౌన్సిలు, కలకత్తానుంచి వెళ్లిన ఒక కేసులో, కలెక్టరు అవార్డు కోర్టుతీర్పు కాదనీ, సర్కారు తరపున రైతుకు చెప్పే ధరమాట మాత్రమేననీ తేల్చేసింది. అంటే చట్టప్రకారమే అది బేరంలో మొదటిమాటన్నమాట! తృప్తి లేనివాడు దాన్ని కాదని కోర్టుకు పోవచ్చు. యీ సంగతి యెన్ని ఊళ్లలో యెంతమంది రైతులకు చెప్పారో నాకు తెలియదుగాని, చెప్పివుంటే పొలాలమీద అంత నిశ్శబ్దంగా గొలుసులు పడేవి కావని మాత్రం అనుకొంటాను.

ధర కట్టే లెక్క యెలా వుండేదంటే, నోటిఫికేషను తేదీనాటికి ఆ చుట్టుపట్ల అమ్మకాలు యే ధరకు జరిగాయో రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకాలు చూసి మార్కెట్టు విలువ తేల్చేవారు. దానిపైన, బలవంతంగా తీసుకొంటున్నందుకు నూటికి 15 చొప్పున సొలేషియం కలిపేవారు. చెట్లకు, బావికి, పైరుకు వేరే లెక్క. చేను రెండుముక్కలైతే మిగిలిన ముక్కకు తగిలిన నష్టంకూడ అడుగవచ్చు. 1923 సవరణతో అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువుకూడ వచ్చింది.

కాగితంమీద చూస్తే ఇది న్యాయంగానే వుంది గదా! లొసుగు యెక్కడంటే, ఆ రిజిస్ట్రారు పుస్తకాల్లోని ధరలు మనం రాయించినవే. స్టాంపుడ్యూటీ తగ్గించుకోవడానికి పదివేలకు కొన్న పొలాన్ని ఆరువేలకు రాయించడం మన పల్లెల్లో పాత అలవాటు. అమ్మేవాడూ ఒప్పుకొంటాడు, కొనేవాడూ సంతోషిస్తాడు. సర్కారువారు పొలం తీసుకొనేటప్పుడు ఆ దస్తావేజే మన మొహాన పెడతారు. అప్పుడు మన నోటిమాట చెల్లదు. కోర్టులోనూ ఆ కాగితమే సాక్ష్యం. అదిగాక మెట్టసీమల్లో యేడాదికి అమ్మకాలే అరుదు. ఉన్నవాడు అమ్మడు. అమ్మేది అప్పులపాలైనవాడో, కూతురి పెళ్లి ముంచుకొచ్చినవాడో. అలాంటివాడు తెగనమ్ముకొన్న ధర ఊరందరికీ కొలబద్ద అయిపోతుంది.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరుకు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. యీ రెండు తేదీల మధ్య పన్నెండేళ్లలో కృష్ణలోయలోని గ్రామాలు ఖాళీ అయ్యాయి. నాగార్జునకొండ శిథిలాలనైతే తవ్వితీసి, రాయి రాయీ మోసి కొండమీద మళ్లీ పేర్చారు. కుడికాలువ, దాన్నే జవహరు కాలువ అంటారు, రెండువందల కిలోమీటర్ల పైచిలుకు పొడవున తవ్వారు. అదంతా 1894 చట్టం కాలం. పొలం ఇచ్చేవారితో కూర్చుని ధర మాట్లాడే యేర్పాటేదీ ఆ చట్టంలో పేరుపెట్టి చెప్పలేదు.

అయితే కాలువకు భూమి ఇవ్వడానికీ జలాశయానికి ఇవ్వడానికీ చాలా భేదం వుంది. జలాశయంకింద ఊరు ఊరంతా మునుగుతుంది, నీరు మాత్రం యెక్కడో వందమైళ్ల అవతలివారికి పోతుంది. కాలువైతే సన్నని పీలిక. ఇచ్చినవాడి మిగిలిన పొలానికే చాలాచోట్ల నీరు వస్తుంది. మెట్ట మాగాణి అవుతుంది, యెకరా ధర లేచిపోతుంది. అందుచేత కాలువకింద రైతు పోయిన ముక్కకు ధర తక్కువైనా, మిగిలినదాన్ని చూసుకొని సర్దుకుపోయాడు. నష్టపడ్డవాడు యెవడంటే, కాలువకు పొలం పోయి, మిగిలిన చెక్క కాలువకు యెగువన మెరకలో పడి, నీరు కళ్లముందే పోతున్నా తన చేనికి యెక్కనివాడు. పదిమందికి లాభమైనచోట యీ ఒక్కడి లెక్క వేరుగా చూడవలసింది. ఆనాటి చట్టంలో దానికి చోటు లేదు.

ఆ రోజుల్లో మన ఆనకట్టలకు అమెరికాలోని టెన్నెసీలోయను ఆదర్శంగా చెప్పేవారు. 1933లో పుట్టిన ఆ సంస్థ ఆనకట్టలకోసం భూములు కొనడంలో ఒక కట్టడి పెట్టుకొంది. తమ మనుషులు పొలం చూసి ఒక ధర కడతారు, ఆ ధరే చెబుతారు. గీచిగీచి బేరమాడేదిలేదు, ఒకరికి తగ్గించి ఒకరికి పెంచేదిలేదు. ఒప్పుకొంటే కొనుగోలు, లేకపోతే కోర్టుద్వారా స్వాధీనం. గడుసువాడికి యెక్కువ, నోరులేనివాడికి తక్కువ ముట్టకుండా వుండేందుకని వారు చెప్పిన కారణం. ఇందులో న్యాయమూ వుంది, కరుకుతనమూ వుంది. మన పల్లెల్లో బేరం అనగానే ముందుగా పెద్దరైతు ఇంట్లో మంచం వాలుతుంది గనుక, వారు చెప్పిన కారణాన్ని తేలికగా కొట్టిపారేయడానికి లేదు.

ఇంగ్లండులో జరిగిన మరో ముచ్చట. డార్సెట్ జిల్లాలో క్రిచెల్ డౌన్ అనే చోట 725 ఎకరాలను 1938లో విమానదళంవారు బాంబులు వేసే అభ్యాసానికని బలవంతంగా తీసుకొన్నారు. యుద్ధం అయిపోయింది, అవసరం తీరింది. పాత హక్కుదారుల వారసులు మా భూమి మాకమ్మండి అని అడిగారు. అధికారులు వినక, దాన్ని వేరొకరికి కౌలుకిచ్చే యేర్పాటు చేశారు. గొడవ పార్లమెంటుకెక్కి, విచారణ జరిగి, 1954 జులైలో వ్యవసాయమంత్రి సర్ థామస్ డగ్‌డేల్ రాజీనామా ఇవ్వవలసివచ్చింది. అప్పటినుంచి అక్కడ, బలవంతంగా తీసుకొన్న భూమి అక్కరలేకపోతే మొదట పాత యజమానికే చూపాలన్న నియమం పెట్టుకొన్నారు. యెకరాలు చూస్తే ఓ మోస్తరు గ్రామంలో ఒక మూలంత. దానికి ఒక మంత్రి పదవి పోయింది!

మన దేశంలో బేరానికి చట్టంలో చోటు దొరికింది 1984లో. ఆ యేడు చేసిన సవరణతో సొలేషియం నూటికి 30కి పెరిగింది. నోటిఫికేషను నాటినుంచి అవార్డుదాకా యేటా నూటికి 12 చొప్పున అదనం వచ్చింది. అవార్డు రెండేళ్లలో ఇవ్వకపోతే వ్యవహారమంతా రద్దవుతుందన్న గడువూ పడింది. వీటన్నిటితోపాటు 11వ సెక్షనులో ఒక చిన్న ముక్క చేర్చారు. సంబంధించినవారందరూ రాతపూర్వకంగా ఒప్పుకొంటే, కలెక్టరు ఇక విచారణ లేకుండా ఆ ఒప్పందం ప్రకారమే అవార్డు ఇవ్వవచ్చు. దీన్నే అంగీకారపు అవార్డు అంటారు. మన రాష్ట్రంలో దీనికోసం సంప్రదింపుల కమిటీలు యేర్పడ్డాయి. అధికారులు, రైతులు ఒక బల్లచుట్టూ కూర్చోవడం మొదలైంది.

రైతుకు ఇందులో లాభం లేకపోలేదు. రిజిస్ట్రారు పుస్తకంలోని ధరకన్న పైకి పోవచ్చు. సొమ్ము త్వరగా చేతికందుతుంది. కోర్టుల వెంబడి పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగి, ప్లీడరు ఫీజులు పోను మిగిలినదానికి సంబరపడే బాధ తప్పుతుంది. మీ ఒప్పందపు ధర పక్కవాడిని కట్టిపడేయదనికూడ ఆ సెక్షనులోనే చెప్పారు. కాని సంతకం పెట్టినవాడికి కోర్టు తలుపు మూసుకుపోతుంది. నోటీసు దారిన పోయిన పక్కరైతు తరువాత కోర్టులో రెట్టింపు తెచ్చుకొన్నా, ఒప్పుకొన్నవాడు చూస్తూ కూర్చోవలసిందే. అవార్డుసొమ్ము తీసుకొనేటప్పుడు "అభ్యంతరంతో తీసుకొంటున్నాను" అని రాసినవాడికే పైకి పోయే హక్కు మిగిలేది. ఆ ఒక్కముక్క రాయక పోగొట్టుకొన్నవారు కొల్లలు. వారికోసం 28-ఎ సెక్షను పెట్టి, అదే నోటిఫికేషనుకింద మరొకరికి కోర్టు పెంచినప్పుడు మూడునెలల్లో అర్జీ పెట్టుకొనే వీలిచ్చారుగాని, అంగీకారపు అవార్డు తీసుకొన్నవారికి అదీ వర్తించదు.

మరి లేచిపోగల హక్కు మాట? అది యీ కమిటీల్లోనూ పూర్తిగా రాలేదు. నోటిఫికేషను ముందే పడివుంటుంది. ఒప్పుకోకపోతే పాత దారి వుండనే వుంది. గోడకానుకొని నిలబడి ఆడే బేరం అది. అయినా నోటీసుకన్న నయమే అంటాను నేను.

2014 జనవరి 1న పాతచట్టం పోయి కొత్తచట్టం వచ్చింది. దీనిలో లెక్క మారింది. రిజిస్ట్రేషను విలువను, గడచిన మూడేళ్ల క్రయదస్తావేజుల్లో యెక్కువ ధరవున్న సగంవాటి సగటును చూసి, యేది యెక్కువైతే అది తీసుకొంటారు. గ్రామాల్లో దాన్ని రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో, అంటే ఒకటినుంచి రెండువరకు, హెచ్చవేస్తారు. దానికి మళ్లీ అంత సొలేషియం, అనగా నూటికి నూరు. మాటవరసకు యెకరా విలువ పదిలక్షలు, గుణకం ఒకటింబావు అనుకోండి. పన్నెండున్నర లక్షలవుతుంది, సొలేషియంతో ఇరవైయైదు. పైగా యీ చట్టం భూమిగలవాడితోబాటు ఆ భూమిమీద బతికే కౌలుదారును, కూలీనికూడ లెక్కలోకి తీసుకొంది. ముందుగా సామాజిక ప్రభావం అంచనావేయాలంది, పునరావాసం ఇవ్వాలంది. అయిదేళ్లపాటు వాడని భూమిని పాత యజమానికిగాని ప్రభుత్వ భూబ్యాంకుకుగాని మళ్లించాలంది. ఆ "గాని" అన్న మాటతో క్రిచెల్ డౌన్ రైతుకు దొరికినంత గట్టిహామీ మనకు దొరకలేదు.

ఇంత బరువైన చట్టం వచ్చాక ప్రభుత్వాలే బేరంవైపు పరుగెత్తడం మొదలుపెట్టాయి. తెలంగాణలో 2015 జులైలో 123వ నెంబరు జీవో ఇచ్చి, అమ్మడానికి ఇష్టపడే రైతుల దగ్గర నేరుగా కొనసాగారు. చూడడానికి బాగానే వుంది, ఇష్టమైనవాడు అమ్ముతున్నాడు. కాని మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర పారిశ్రామిక మండలికి భూములు పోతున్నచోట వ్యవసాయకూలీలు హైకోర్టుకెక్కారు. రైతు ధర పుచ్చుకొని పోతాడు, మా పని యేం గానని అడిగారు. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలు చేసింది. 2017లో చట్టాన్నే సవరించి అంగీకారంమీద సేకరించే మార్గాన్ని దానిలోకి తెచ్చుకొంది. ఆంధ్రప్రదేశ్ కూడ 2018లో తన సవరణ చేసుకొని, నీటిపారుదలవంటి కొన్ని పథకాలను సామాజిక ప్రభావపు అంచనానుంచి మినహాయించే అధికారం తీసుకొంది.

క్రయదస్తావేజులో ఇద్దరే వుంటారు, అమ్మినవాడు, కొన్నవాడు. ఆ చేలో యేటా మిరపకాయ కోసిన యాభైమంది దానిలో యెక్కడా కనిపించరు. నోటీసుపద్ధతికి యెన్ని తప్పులున్నా, "సంబంధించినవారు" అని అందరినీ పిలిచే తంతు ఒకటి అందులో వుంది. బేరంలో అదికూడ లేదు. జహీరాబాదు కూలీలు పట్టుకొన్నది యీ చిల్లునే.

అమరావతిలో 2015లో మొదలైన భూసమీకరణ మరో దారి. రైతులు ముప్పైవేల యెకరాలకు పైగా ఇచ్చారు. చేతికి ధర రాలేదు. మెట్ట యెకరాకు వెయ్యి గజాల నివాసస్థలం, 250 గజాల వ్యాపారస్థలం, జరీబుకైతే వ్యాపారస్థలం 450 గజాలు. పదేళ్లపాటు యేటా కౌలు, మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలై పెరుగుతూ. ఇష్టపడని ఉండవల్లి, పెనుమాకవంటి ఊళ్లలో ప్రతిఘటన సాగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక, ఒప్పందంలో రెండోపక్షం తనవంతు పని ఆపేస్తే యేమవుతుందో ఆ రైతులు అనుభవించారు. 2022 మార్చి 3న హైకోర్టు, ఒప్పందం ప్రకారం అభివృద్ధిచేసి ప్లాట్లు ఇవ్వవలసిందేనని చెప్పింది. 2024లో పనులు తిరిగి మొదలయ్యాయి. సొమ్ము ముందు చేతబడే అమ్మకానికీ, మాటమీద భూమి అప్పగించడానికీ యెంత దూరమో లెక్కవేసుకోండి. దాదాపు అయిదేళ్లు!

ఇక నకరికల్లుకు వద్దాం. 2018 నవంబరు 26న గోదావరి–పెన్నా అనుసంధానం మొదటిదశకు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఇక్కడే శంకుస్థాపన చేశారు. కృష్ణ వొడ్డున హరిశ్చంద్రపురం దగ్గరినుంచి గోదావరి నీటిని అయిదు ఎత్తిపోతలతో యెక్కించి, నకరికల్లు వద్ద సాగరు కుడికాలువలో కలపాలని సంకల్పం. అంచనా 6,020 కోట్లు, నీరు 73 టీఎంసీలు. పర్యావరణ అనుమతుల తగవు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తరువాత ప్రభుత్వాలు మారాయి, అనుసంధానం రూపురేఖలూ పలుమార్లు మారాయి. యీ రూపంలో కాకపోతే మరో రూపంలో యీ ప్రాంతంలో కాలువలకు, రైలుమార్గాలకు, రోడ్లకు భూమి అడుగుతూనే వుంటారు.

అడిగినరోజున బేరానికి కూర్చునేముందు మీ కాగితాలు సరిచూసుకోండి. అడంగలులో, 1-బిలో వున్న విస్తీర్ణమూ, చేనిమీద వున్న విస్తీర్ణమూ ఒకటేనా? తాతగారి పేరుమీదే పట్టా వుండిపోతే వారసులంతా ఒప్పుకొన్నదాకా రూపాయి కదలదు. బోరు, పైపులైను, నిమ్మచెట్లు, నిలిచివున్న పైరు విడివిడిగా రాయించండి. చేను చీలుతుంటే అవతలి ముక్కకు దారి యెక్కడ, వంతెన యెంత దూరంలో అన్నది ధరకంటె ముందు అడగండి. నాలుగైదు కుంటల పీలిక మిగిలి సేద్యానికి పనికిరాకుండా పోయేట్టయితే, దాన్నికూడ తీసుకోమని కోరండి. తీసుకోకపోతే దాని నష్టం లెక్కలో చేర్చమనండి. చట్టప్రకారం వచ్చే మొత్తం యెంతో, గుణకం యెంతో, సొలేషియం యెంతో అంకెలతో రాసి ఇమ్మని అడిగాకనే బేరపు ధరను దాని పక్కన పెట్టి చూడండి. ఆ అంకె తెలియకుండా "మార్కెటుకన్న యెక్కువిస్తున్నాం" అన్నమాట వింటే అది బేరం కానేకాదు. నోటిమాటగా ఇచ్చిన ఉద్యోగం, ఇంటిస్థలం, నీటిసౌకర్యం ఒప్పందపత్రంలో అక్షరాలుగా కనబడాలి.

ఊరంతా కలిసి ఒకే ధర అడగడం మంచిది. పదెకరాల ఆసామికి ఒక ధర, ఎకరంన్నర రైతుకు ఒక ధర కుదిరినచోట గ్రామం రెండుముక్కలైపోతుంది. ఒప్పందానికి ఒప్పుకోనివారు అవార్డుసొమ్మును అభ్యంతరంతో తీసుకొని, భూసేకరణ అథారిటీకి నివేదించమని గడువులోగా కలెక్టరును కోరవచ్చు.

వ్యవసాయశాఖ మిత్రులకు ఒక మనవి. కౌలుదారులకు 2019 చట్టంకింద ఇచ్చే పంటసాగుదారు హక్కుపత్రం పదకొండు నెలలకే వుంటుంది, దానికి యజమాని సంతకం కావాలి. పల్నాటిలో చాలా పొలాలు కౌలుమీదే నడుస్తున్నా యీ పత్రం వున్నవారు కొద్దిమందే. సర్వేరాళ్లు పడ్డాక యే యజమానీ ఆ సంతకం పెట్టడు. కనుక యీ పని ఖరీఫు మొదట్లో, విత్తనాల మాట్లాడుకొనేటప్పుడే, ఇంటింటికీ తిరిగి చేయించండి.